గంధకం పొగకు గంటల లెక్క

తెనాలిలో ఏ ఎరువుల దుకాణానికి వెళ్లినా 20-20-0-13 అని అచ్చేసిన బస్తాలు ఉంటాయి. మొదటి మూడూ నత్రజని, భాస్వరం, పొటాష్ అని రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. చివరి 13 గంధకం. ఏటా పంట మీద పంట తీస్తూ యూరియా, డీఏపీలతోనే సరిపెడితే మాగాణిలో గంధకం తరిగిపోతుంది. బాపట్ల చుట్టుపక్కల ఇసుక నేలల్లో అయితే అది నీటితో పాటు అడుక్కి దిగిపోతుంది. అందుకే డబ్బు పెట్టి కొని మరీ వేస్తారు. అదే గంధకం లోహాలు కరిగించే కర్మాగారం గొట్టంలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికొస్తే పైరును మాడుస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు నిమిషాల్లో ఊపిరి బిగదీస్తుంది. ఈ వాయువును పట్టే విద్య మనుషులకు ఎన్నడో తెలుసు. ఇప్పటికీ తేలనిది దాన్ని ఏ గంటలో కొలవాలి, ఎవరు కొలవాలి అన్న సంగతే. ఈ వ్యాసమంతా ఆ సంగతి చుట్టూనే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో పెద్ద లోహ కర్మాగారం లేదు. కానీ పాత గుంటూరు జిల్లాకు ఈ కథతో సంబంధం ఉంది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న బొల్లాపల్లి మండలంలోని బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపింది. అగ్నిగుండాల ఖనిజ ప్రాంతంలో భాగం అది. అక్కడ దొరికే గెలీనా, అంటే సీసం గంధకం కలిసిన రాయి, శుద్ధి అయ్యాక విశాఖపట్నం చేరేది. విశాఖలో ఆ సంస్థ 1977లో జింకు కర్మాగారాన్నీ, ఆ మరుసటి ఏడు సీసం కర్మాగారాన్నీ ప్రారంభించింది. ఏడాదికి 30 వేల టన్నులతో మొదలైన జింకు ఉత్పత్తి సామర్థ్యం తర్వాత 56 వేల టన్నులకు పెరిగింది. 2002లో సంస్థ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. గని మూతపడింది, సీసం విభాగం ఆగింది, 2012లో జింకు కర్మాగారమూ ఆగిపోయింది. తెలుగు నేల మీద ఈ ప్రశ్నను పూర్తిగా చూడాలంటే ఆ కర్మాగారం దగ్గరే మొదలుపెట్టాలి.

జింకు, సీసం, రాగి మూడూ ఎక్కువగా గంధకంతో కలిసే దొరుకుతాయి. లోహం కావాలంటే ఆ గంధకాన్ని వదిలించాలి. గాలి తగిలేలా ఎర్రగా వేయిస్తే గంధకం ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఎంత వస్తుందన్నది పరమాణు భారాలతో ఎవరైనా లెక్క కట్టవచ్చు. టన్ను జింకుకు దాదాపు టన్ను వాయువు. మన దేశంలో దొరికే రాగి ఖనిజం నుంచైతే టన్ను రాగికి రెండు టన్నులు. సీసానికి మాత్రం టన్నుకు 300 కిలోల చిల్లర. ఈ లెక్కన విశాఖ జింకు కర్మాగారం నిండు సామర్థ్యంతో నడిచిన ఏడాదిలో ఖనిజాన్ని వేయించే దాని రోస్టర్‌లో పుట్టే వాయువు 55 వేల టన్నులు. అంతా గొట్టంలోంచి వదిలేస్తే కొండల నడుమ పల్లంలో ఉన్న ఆ పారిశ్రామికవాడలో మనిషి బతకలేడు.

వదిలేయక్కర్లేదు కూడా. ఆ వాయువును శుభ్రం చేసి, ఆరబెట్టి, 400 డిగ్రీలకు పైగా వేడిలో వెనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం పొరల మీదుగా పంపితే సల్ఫర్ ట్రయాక్సైడ్ అవుతుంది. దాన్ని గాఢమైన ఆమ్లంలో కలిపితే సల్ఫ్యూరిక్ యాసిడ్, మన పాత పుస్తకాల్లోని గంధకామ్లం. 55 వేల టన్నుల వాయువుకు 84 వేల టన్నుల ఆమ్లం దిగాలి. దాన్ని కొనేది ఎక్కువగా ఎరువుల పరిశ్రమే. కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967 నుంచి అదే విశాఖలో ఉంది. పైరును కాల్చే వాయువుకు పైరుకు బలమిచ్చే సరుకుగా మారే దారి ఒకే ఊళ్లో ఉందన్నమాట.

ఇక్కడ ఒక్క శాతం తేడా ఎంత చేస్తుందో చూడాలి. వాయువును ఒక్కసారే మార్చి ఒక్కసారే ఆమ్లంలో కలిపే పాత పద్ధతిలో 97, 98 శాతం పట్టుబడుతుంది. మధ్యలో ఒకసారి ఆమ్లంలో కలిపి, మిగిలిన వాయువును మళ్లీ ఉత్ప్రేరకం మీదికి పంపే జంట పద్ధతిలో 99.7 శాతం దాకా పట్టవచ్చు. చూపుకి రెండు శాతమే తేడా. ఏడాదికి 4 లక్షల టన్నుల రాగి తీసే కర్మాగారంలో పుట్టే 8 లక్షల టన్నుల వాయువులో 98 శాతం పడితే 16 వేల టన్నులు గాలిలోకి పోతుంది. 99.7 శాతం పడితే 2,400 టన్నులు. కంపెనీలు ప్రజాభిప్రాయ సేకరణలో తొంభై ఎనిమిది శాతం అదుపు చేస్తున్నామని గర్వంగా చెప్పుకుంటాయి. మిగిలిన రెండు ఎన్ని టన్నులో అడిగితే గానీ అసలు బొమ్మ కనపడదు.

పట్టిన శాతం సంగతి అలా ఉండగా, ఆమ్లం ప్లాంటుకు సొంత బలహీనతలు రెండున్నాయి. వాయువు చిక్కగా ఉంటేనే అది తన వేడితో తాను నడుస్తుంది. జింకు రోస్టర్లు, ఆక్సిజన్ ఎక్కువగా ఊదే కొత్త తరహా రాగి కొలిములు చిక్కటి వాయువునిస్తాయి. ఫిన్లండ్‌లో ఔటోకుంపు సంస్థ 1949లో హార్యవాల్తాలో మొదలుపెట్టిన, రాగి కరిగించే ఫ్లాష్ పద్ధతి ప్రపంచమంతా పాకడానికి ఇదీ ఒక కారణం. సీసం ఖనిజాన్ని వేయించి గడ్డకట్టించే పాత సింటర్ యంత్రాల వాయువు మాత్రం పలచన. దాన్ని యాసిడ్ ప్లాంటుకు పంపితే గిట్టుబాటు కాదు, సున్నం నీటితోనో అమ్మోనియాతోనో కడగాలి. సున్నంతో కడిగితే జిప్సం వస్తుంది. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో వేరుశనగ ఊడలు దిగే దశలో చల్లేది అదే జిప్సం, చౌడు నేల బాగుపడటానికి వేసేదీ అదే. అమ్మోనియాతో కడిగితే అమ్మోనియం సల్ఫేట్. కాకపోతే ఈ సరుకు ధర కడిగిన ఖర్చుకు సరిపోదు, అందుకే పలచటి వాయువు దగ్గర యాజమాన్యాల ఉత్సాహం చల్లారిపోతుంది.

రెండో బలహీనత ఇంకా పెద్దది. ఉత్ప్రేరకం పొర వేడెక్కకపోతే పని చేయదు. ప్లాంటును మరమ్మతుకు ఆపి మళ్లీ ముట్టించినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు, ఆ తొలి గంటల్లో వాయువు మారకుండానే జారిపోతుంది. ఏడాది సగటు చూస్తే ఆ గంటలు లెక్కలోకే రావు. పక్క ఊరివాళ్ల గొంతుకు మాత్రం అవే మొత్తం లెక్క.

తూత్తుకుడిలో 2013 మార్చి 23 తెల్లవారుజామున జరిగింది ఆ కోవలోదే. స్టెరిలైట్ రాగి కర్మాగారాన్ని మరమ్మతు కోసం ఆపి తిరిగి నడిపిస్తున్న సమయమది. ఊళ్లో కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారాన్ని మూయించింది. లీకు తమది కాదని కంపెనీ వాదించింది. మే 31న జాతీయ హరిత ట్రిబ్యునల్ తెరుచుకోవచ్చంది. నడుమ ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు, అంతకుముందు ఏళ్లలో చేసిన కాలుష్యానికి అదే కంపెనీ మీద 100 కోట్ల రూపాయల పరిహారం విధించింది. అక్కడితో ఆగలేదు. 2018 మే 22న, ఉద్యమం నూరో రోజున మొదలై మర్నాడూ సాగిన పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. ఆ నెలాఖరులోనే తమిళనాడు ప్రభుత్వం కర్మాగారాన్ని శాశ్వతంగా మూయించింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును కొట్టేసింది. దేశం శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే స్థితి నుంచి దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. గాలిలో ఆ తెల్లవారుజామున ఎంత వాయువు ఉందో ఊరివాళ్లూ చూడగలిగే, అందరూ నమ్మే కొలత ఉండి ఉంటే వాదం ఇంత దూరం పోయేది కాదని నేను నమ్ముతాను. నమ్మదగిన కొలత లేనిచోట భయం, అబద్ధం రెండూ పెరుగుతాయి.

వరి పండించే మనకు అన్నిటికంటే పనికొచ్చే ఉదాహరణ జపాన్‌లో ఉంది. షికోకు దీవిలోని బెషి రాగి గనుల ఖనిజాన్ని సుమితోమో సంస్థ నీహామాలో కరిగించేది. 1893లో రైతులు పొలాలు మాడిపోతున్నాయని తిరగబడ్డారు. సంస్థ కొలిములను తీరానికి ఇరవై కిలోమీటర్ల అవతల షిసకజిమ అనే దీవికి తరలించింది, 1905లో అక్కడ పని మొదలైంది. నీళ్ల మీద పొగ చెదిరిపోతుందనుకున్నారు. సముద్రపు గాలి ఆ పొగను ఇదివరకటి కంటే ఎక్కువ ఊళ్ల మీదికి తెచ్చింది. తీరప్రాంతమైతే పొగకు ఢోకా లేదు, గాలి కొట్టుకుపోతుంది అని మనకు చెప్పేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు. 1910లో రైతులతో ఒప్పందం కుదిరింది. నష్టపరిహారంతో పాటు, వరి, గోధుమ పైర్లు కీలక దశలో ఉన్న రోజుల్లో కరిగించే ఖనిజాన్ని తగ్గించాలని కంపెనీ ఒప్పుకుంది. పంట క్యాలెండర్‌ను కొలిమి గోడకు తగిలించారు ఆ రైతులు. పొగలోని గంధకంతో ఎరువు చేయడానికి 1913లో పెట్టిన కర్మాగారమే ఈనాటి సుమితోమో కెమికల్. మిగిలిన వాయువును అమ్మోనియాతో పూర్తిగా పట్టే ఏర్పాటు 1939కి గానీ పూర్తి కాలేదు. తిరగబడిన నాటి నుంచి 46 ఏళ్లు.

కెనడాలోని ట్రైల్ కథ దీనికి జంట. 1896 నుంచి నడిచిన సీసం, జింకు కర్మాగారం పొగ సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం పొలాల మీద పడేది. 1920లలో గొట్టాలను నాలుగు వందల అడుగులకు పైగా లేపారు, పొగ ఇంకా దూరం పోయింది. రెండు దేశాలూ మధ్యవర్తుల ట్రిబ్యునల్‌ను వేసుకున్నాయి. 1938లో 78 వేల డాలర్ల పరిహారం, 1941లో తుది తీర్పు. ఒక దేశం పొగతో పక్క దేశాన్ని పాడుచేయకూడదన్న సూత్రానికి న్యాయశాస్త్ర పుస్తకాలన్నీ ఆ తీర్పునే చూపిస్తాయి. నాకు దానిలోని రెండో సగం ముఖ్యం. పైరు ఉన్న కాలంలో ఒక పరిమితి, లేని కాలంలో మరో పరిమితి, గాలి కదలికను బట్టి, పగలా రాత్రా అన్నదాన్ని బట్టి ఎంత వదలవచ్చో ట్రిబ్యునల్ నిర్దేశించింది. పొగ సాగే ఆ లోయలో నిరంతరం కొలిచే యంత్రం పెట్టించింది. ఆ పరిశోధనలోనే ఒక విషయం బయటపడింది. రాత్రంతా పైన పొరలా నిలిచిన పొగ, పొద్దెక్కి నేల వేడెక్కగానే లోయ పొడవునా ఒకేసారి కిందికి దిగుతుంది. ఆకులు పత్రరంధ్రాలు తెరిచే సమయం కూడా సరిగ్గా అదే.

ఎత్తు గొట్టం మీద మోజు ఆ తర్వాతా తగ్గలేదు. కెనడాలోనే సడ్‌బరీలో 1972లో 381 మీటర్ల గొట్టం కట్టారు. ఊరి గాలి తేటపడింది, ఆమ్లవర్షం దూరపు సరస్సులకు పోయింది.

ఇక మన కొలత సంగతి. దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు ఏడాది సగటున 50 మైక్రోగ్రాములు, 24 గంటల సగటున 80 మైక్రోగ్రాములు మించకూడదు. గంటకు ఇంత అని పరిమితి లేదు. ఒక లెక్క వేసి చూడండి. పొద్దున ఏడు నుంచి పది దాకా మూడు గంటలు 400 మైక్రోగ్రాములు, మిగతా 21 గంటలూ పదేసి మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. రోజు సగటు 59. చట్టప్రకారం ఆ రోజు గాలి మంచిది. అమెరికాలో 2010 నుంచి ఉన్న గంట పరిమితి సుమారు 196 మైక్రోగ్రాములు, మన ఊహాగాలి దానికి రెట్టింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది నిమిషాలకు కూడా 500 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది, ఎందుకంటే ఆస్తమా రోగి శ్వాసనాళాలు బిగుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఈ గంట పరిమితి మన చట్టంలోకి రావడం అన్ని యంత్రాల కంటే ముందు జరగాల్సిన పని.

డెల్టాలో అది ఇంకా అవసరం. ఖరీఫ్ వరి కోతకు ముందు మాగాణిలో మినుము చల్లుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ మినుము పూతా పిందె మీద ఉన్నప్పుడు తెల్లారి మంచు దట్టంగా కమ్ముతుంది, పొద్దెక్కేదాకా గాలి కదలదు. అపరాలు ఈ వాయువుకు తొందరగా లొంగే జాతి. పొగ తగిలిన ఆకు మీద ఈనెలు పచ్చగానే ఉంటాయి, ఈనెల మధ్య మేర మాత్రం పాలిపోయి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. మచ్చ ఆకు రెండు వైపులా కనిపిస్తుంది. తెగులైతే ఒక చెట్టు దగ్గర మొదలై పక్కకు పాకుతుంది, పొగ దెబ్బ గాలివాలున ఉన్న చేనంతా ఒకే రోజు పడుతుంది. ఈ తేడా తెలియక తెగులనుకుని మందు కొడితే డబ్బు దండగ. 1945 నుంచి బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది. ఏ పరిశ్రమ రాకముందే చేలల్లో ఆకుల గుర్తులను, గాలి కొలతలను జతచేసి నమోదు చేసి పెట్టగల సత్తా దానికుంది. తర్వాత ఎవరైనా కాదంటే చూపించడానికి ఆ రికార్డే ఆధారం.

పెద్ద కర్మాగారం లేకపోయినా ఈ ప్రాంతానికి చిన్న కొలిమి బెడద ఉంది. ఇన్వర్టర్లు, ఆటోలు, ట్రాక్టర్లు, రేపల్లె నిజాంపట్నం వైపు చెరువుల మీది జనరేటర్లు, అన్నిటిలోనూ సీసం బ్యాటరీలే. పాతది ఇచ్చేస్తే కొత్తదాని ధర తగ్గిస్తారు. ఆ పాతది సరైన చోటికి చేరితే ఇబ్బంది లేదు. చిత్తూరు, చౌటుప్పల్ లాంటి చోట్ల సీసం శుద్ధి చేసే పెద్ద కర్మాగారాలున్నాయి. పాత ఇనుము కొట్ల మీదుగా దారి తప్పి ఊరవతల బట్టీకి చేరితేనే ప్రమాదం. బ్యాటరీ లోపలి ముద్దలో ఎక్కువ భాగం లెడ్ సల్ఫేట్. దాన్ని బొగ్గుతో కలిపి బట్టీలో వేస్తే సీసంతో పాటు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అంతకంటే ప్రమాదకరమైన సీసపు పొగ వస్తుంది. వాయువు గాలికి పోతుంది, సీసం నేలలోనూ పిల్లల రక్తంలోనూ ఉండిపోతుంది. మందు చాలా సులువు. ముద్దను కొలిమిలో వేసేముందు సోడా యాష్ నీళ్లలో కలియబెడితే గంధకం సోడియం సల్ఫేట్‌గా విడిపోతుంది, దాన్ని డిటర్జెంట్ పొడి తయారీదారులు కొంటారు. సీసం కార్బొనేట్‌గా మిగిలి, తక్కువ గంధకం పొగతో కరుగుతుంది. రాత్రిపూట దొంగచాటుగా బట్టీ నడిపేవాడు ఆ పని చేయడు. 2001 నుంచి బ్యాటరీల మీద నిబంధనలున్నాయి, 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు పాత బ్యాటరీని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. పాత బ్యాటరీ ఎక్కడికి వెళ్తుందని దుకాణంలో అడిగి, రసీదు తీసుకోవడం మన చేతిలో పని.

ఈ వాయువుకు మరో పెద్ద మూలమైన బొగ్గు సంగతి క్లుప్తంగా. టన్ను బొగ్గులో అర శాతం గంధకం ఉన్నా పది కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాలన్నిటికీ ఈ వాయువు మీద పరిమితులు పెట్టింది, వాటిని అందుకోవాలంటే చాలా చోట్ల వాయువును సున్నంతో కడగాలి. గడువు మళ్లీ మళ్లీ పొడిగించి, 2025 జులైలో దేశంలోని దాదాపు 78 శాతం యూనిట్లకు ఆ బాధ్యత తీసేసింది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోబడే ఉందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. రోజు సగటుతో కొలిస్తే అలాగే ఉంటుంది. ఆ వాయువు గాలిలోనే సల్ఫేట్ నలుసులుగా మారి వందల కిలోమీటర్లు పోతుందన్న సంగతి ఆ కొలతలో పడదు. ఆ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. ఇప్పుడు లోహ కర్మాగారాలు కూడా ఇదే వాదన పట్టుకుని వస్తే ఏం చెప్పాలో ఎవరూ ఆలోచించడం లేదు.

ఈ తీరం మీద పరిశ్రమల ఊసు కొత్తది కాదు. 2008లో వాడరేవు, నిజాంపట్నం ఓడరేవులతో వాన్‌పిక్ పారిశ్రామికవాడ అన్నారు, వేల ఎకరాలు సేకరించారు, కేసులు మిగిలాయి తప్ప పని సాగలేదు. ఇప్పుడు దక్షిణాన రామాయపట్నం దగ్గర రిఫైనరీ మాట నడుస్తోంది. ఓడరేవు వస్తే దిగుమతి ఖనిజం వస్తుంది, దిగుమతి ఖనిజం మీద బతికే కర్మాగారం తీరాన్నే వెతుక్కుంటుంది. తూత్తుకుడిలో జరిగింది అదే.

అలాంటి ప్రతిపాదన ఏదైనా వచ్చినప్పుడు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద వానాకాలం కాని ఒక్క కాలపు గాలి వివరాలు సరిపోతాయి. కన్సల్టెంట్లు మార్చి నుంచి మే దాకా కొలుస్తామంటే అడ్డు చెప్పే నియమం లేదు. ఆ మూడు నెలలూ మధ్యాహ్నం నుంచి పైరగాలి గట్టిగా వీస్తుంది, ఏ పొగైనా నిలవదు, మాగాణిలో పూత మీది మినుము ఉండదు. నివేదిక బ్రహ్మాండంగా ఉంటుంది. రేపల్లె, బాపట్ల రైతు సంఘాలు ప్రజాభిప్రాయ సేకరణలో రాతపూర్వకంగా కోరాల్సినవి నాలుగు. డిసెంబరు, జనవరి నెలల కొలతలు గంట గంటకూ కావాలి. కర్మాగారం ఆపి ముట్టించే తేదీలు ముందుగా ఊళ్లకు చెప్పాలి, మినుము పూత మీద ఉన్నప్పుడు ముట్టించకూడదు. గొట్టం మీది నిరంతర కొలత యంత్రం అంకెలు కాలుష్య నియంత్రణ మండలికే కాక పంచాయతీ కార్యాలయంలో కూడా కనిపించాలి. నాలుగోది, ఆమ్లం అమ్ముడుపోక ట్యాంకులు నిండిన రోజున కొలిమి ఆపుతామని కంపెనీ రాసివ్వాలి.

నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎరువుల అమ్మకాలు పడిపోయిన ఏడాది ఆమ్లానికి గిరాకీ ఉండదు. నిండిన ట్యాంకు పక్కన కొలిమి మండుతూనే ఉంటే గంధకానికి మిగిలిన దారి గొట్టమే.